రంగు మీద రంగు

మా ఇంటి గేటుకున్న ఆకుపచ్చ రంగు మేము వేయించింది కాదు. 2019లో హైదరాబాదు శివార్లలో ఆ ఇల్లు కొన్నప్పుడు ఇంటితో పాటే వచ్చింది. అమ్మినాయన రిటైరైన ఇంజనీరు, పొద్దున్నే పూజ చేసుకోనిదే కాఫీ ముట్టని మనిషి. ఇంటి ముందున్న కానుగ చెట్టుకు జతగా ఉంటుందని ఆ రంగు ఎంచుకున్నానని తాళంచెవులు చేతికిస్తూ చెప్పాడు. ఆయన ఉన్నన్నాళ్లూ అది చెట్టు పచ్చ. గోడ మీద పేరు పలక మారిన మర్నాటి నుంచి అది తురకోళ్ల పచ్చ. కాలనీలో ఒకరిద్దరు నవ్వుతూనే అన్నారు: 'వచ్చీ రాగానే గేటుకు పచ్చ వేయించారే!' మేము వేయించలేదండీ, ముందు నుంచీ ఉన్నదే అని చెప్పుకున్నాం. చెప్పుకుని ఇంట్లోకి వచ్చాక సిగ్గేసింది. వేయించుకుంటే మాత్రం ఏమిటట?

2020 మార్చి చివర, లాక్‌డౌన్‌లో ఉండగా ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చింది. అక్కడి తబ్లీగీ సమావేశానికి వెళ్లి వచ్చిన వాళ్లలో కరోనా బయటపడింది. రోగం సోకిన మనుషుల వార్త రెండు రోజులు తిరక్కుండా రోగం మోసుకొచ్చిన మతం వార్తగా మారింది. 'కరోనా జిహాద్' అనే మాట పుట్టింది. కూరగాయల బండి వాళ్లను పేరడిగి వెళ్లగొడుతున్న వీడియోలు ఫోన్లలో తిరిగాయి. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులు కొట్టేసింది. వాళ్లను బలిపశువులుగా ఎంచుకున్నట్టు కనిపిస్తోందని కూడా చెప్పింది. కోర్టు ఆ మాట అన్నది ఆగస్టులో. మేము భయపడింది ఏప్రిల్‌లో.

ఇంట్లో కిటికీలకు వేయగా మిగిలిన గోధుమరంగు ఎనామెల్ డబ్బా ఒకటి ఉంది. పెయింటరును పిలిచే వీలు లేదు, దుకాణాలు లేవు. రాత్రి ఎనిమిది దాటాక, ఫోను వెలుగులో, వరుసగా రెండు రాత్రులు కూర్చుని ఆ పచ్చ మీద గోధుమరంగు పూశాం. ఒక సంగతి ముందే చెప్పాలి, లేకపోతే కథ తప్పుదారి పడుతుంది. మమ్మల్ని ఎవరూ బెదిరించలేదు. గేటు మీద ఎవరూ రాయి వేయలేదు. పక్కింటివాళ్లు ఆ నెలంతా తమతో పాటు మాకూ పాల ప్యాకెట్లు తెచ్చిపెట్టారు. అయినా పూశాం. భయపెట్టడానికి పక్కింటివాళ్లే రానక్కర్లేదని, గాలి చాలునని ఆ నెలలో మాకు తెలిసింది.

జూన్ వానలకు ఆ రంగు పొక్కింది. ఆగస్టు వచ్చేసరికి అరచేయంత పెచ్చులు ఊడాయి. గోధుమరంగు మధ్యలో బయటపడిన పచ్చ, మొదట్లో ఉన్నదానికన్నా ముదురుగా, దూరం నుంచే కళ్లకు కొట్టసాగింది. దాచాలనుకున్నదానికి మేమే చుట్టూ గీత గీసి చూపించినట్టయింది. ఎనిమిదేళ్ల మా అమ్మాయి ఒకరోజు గేటు పట్టుకుని ఊగుతూ ఒక పెచ్చు గీకి తీసి, 'అబ్బా, గేటుకు కూడా కరోనా వచ్చిందా?' అని అడిగింది. నవ్వాం. ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది: 'అసలు మన గేటుకు రంగెందుకు మార్చాం?' దానికి నవ్వలేకపోయాం. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

ఇక్కడ 'మేము' అనే మాట గురించి కూడా చెప్పుకోవాలి. పత్రికల్లో ఇన్నేళ్లు పనిచేసిన అలవాటు కొద్దీ మేము అంటున్నాం. కానీ అలవాటు ఒక్కటే కాదు. మా ఇంటి ఉర్దూలో 'హమ్' అనేది ఒక్కటే మాట. ఎదుటివాణ్ని కలుపుకున్నా హమ్, కలుపుకోకపోయినా హమ్. తెలుగు అలా ఊరుకోదు. నోరు తెరిచిన ప్రతిసారీ తేల్చుకోమంటుంది: మేమా, మనమా? ఎదుటివాడు లోపలా, బయటా? తెలుగు మీడియం బడిలో మాకు మొదట తడబాటు వచ్చింది ఈ రెండు మాటల దగ్గరే. 'మన పండగ' అనాల్సిన చోట 'మా పండగ' అనేవాళ్లం. పంతులు దిద్దేవారు. కొన్ని చోట్ల దిద్దడానికి ఆయనకూ తోచేది కాదు.

లాక్‌డౌన్ సడలించాక మా మామూ వచ్చాడు. అమ్మీ తమ్ముడు. పదిహేనో ఏట మెకానిక్ షెడ్డులో డెంటింగ్ పనికి చేరి, స్ప్రే గన్ను పట్టి, కొన్నేళ్లు పౌడర్ కోటింగ్ యూనిట్లో కొలిమి దగ్గర పనిచేసిన మనిషి. గేటు దగ్గరే ఆగిపోయాడు. బొటనవేలి గోరుతో గీరాడు. పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది.

'రేగ్‌మాల్ మారే క్యా, బేటా?'

గరుకు కాగితం పట్టలేదన్నాం.

'అస్తర్?'

డబ్బా మీద ప్రైమర్ అని రాసి ఉండేదాన్ని ఆయన అస్తర్ అంటాడు. అదీ లేదన్నాం.

'మరి నీ రంగు దేన్ని పట్టుకుని ఉండాలి?'

ఆయన అడిగింది పనివాడి ప్రశ్న. కానీ ఇన్నేళ్లుగా అస్తిత్వం గురించి చదివినవీ రాసినవీ అన్నీ కలిపినా మాకు ఇంత సూటి ప్రశ్న ఎదురు కాలేదు.

మామూ చెప్పిందీ, తర్వాత మేము చదివి తెలుసుకున్నదీ కలిపి చెబుతాం. పౌడర్ కోటింగ్ అనేది డబ్బాలోని తడి రంగు లాంటిది కాదు. పాలియెస్టర్, ఎపాక్సీ లాంటి రెజిన్లలో రంగునూ, గట్టిపరిచే పదార్థాన్నీ కలిపి మెత్తగా చేసిన పొడి. వేడి లోహాన్ని పొడిలో ముంచి పూత పట్టించే పద్ధతిని 1950లలో జర్మనీలో ఎర్విన్ గెమర్ కనిపెట్టాడు. ఆ తర్వాతి దశాబ్దంలో పొడికి విద్యుదావేశం ఇచ్చి గన్నుతో చల్లే పద్ధతి వచ్చింది. ముందు ఇనుముకు జిడ్డు వదిలిస్తారు, తుప్పు వదిలిస్తారు, ఫాస్ఫేటు తొట్టిలో ముంచి ఆరబెడతారు. తర్వాత ఇనుమును ఎర్తు చేసి పొడి చల్లితే పొడి దానికదే వచ్చి అంటుకుంటుంది. అప్పుడు కొలిమిలోకి తోస్తారు. 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పది నుంచి ఇరవై నిమిషాలు. పొడి కరిగి, పారి, లోపల అణువులు ఒకదానికొకటి ముడిపడి పొరగా బిగుసుకుంటుంది. ఆ పొర మందం సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లు, అంటే రమారమి ఒక వెంట్రుక మందం. కాలిన కుండ మళ్లీ మట్టి కానట్టే ఆ పొర మళ్లీ పొడి కాదు. ఇంకోసారి వేడి చేసినా కరగదు.

అంత నున్నగా, రంధ్రం లేకుండా బిగుసుకున్న పొర మీద మామూలు ఎనామెల్ పూస్తే ఆరుతుంది, మెరుస్తుంది, రెండు నెలలు నిలుస్తుంది కూడా. కానీ పట్టు ఉండదు. ఎండకు ఒకటి సాగుతుంది, ఒకటి సాగదు. అంచుల్లోంచి నీళ్లు దూరతాయి. తర్వాత గోరు చాలు.

మరి పాత పౌడర్ కోటింగ్ మీద రంగు వేయకూడదా? వేయవచ్చు. పాత పొర గట్టిగా ఉంటే దాన్ని మొత్తం ఊడదీయనక్కర్లేదు. సబ్బునీళ్లతో కడిగి, జిడ్డు తుడిచి, 320 నంబరు రేగ్‌మాల్‌తో మెరుపు చచ్చేదాకా రుద్దాలి. మెరుపు పోతే చాలు, రంగు పోనక్కర్లేదు. కంటికి ఆనని గీతలు పడతాయి. ధూళి తుడిచి, రెండు భాగాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ పట్టించాలి. ఆ ప్రైమర్ ఆ గీతల్లోకి వేళ్లు దింపుతుంది. దాని మీద ఏ రంగైనా నిలుస్తుంది. పాత పొర ఎక్కడ పొక్కి, కింద తుప్పు నడుస్తూ ఉందో అక్కడ మాత్రం ఇనుము కనిపించేదాకా గీకాల్సిందే. ఇంతే పని. ఇంత పనీ పై రంగులో ఎక్కడా కనపడదు. మామూ మాటల్లో చెప్పాలంటే గిరాకీ డబ్బులిచ్చేది కంటికి కనిపించే చివరి పూతకి, రంగు నిలిచేది కనిపించని మొదటి పనికి.

ఈ పనితనం తెలిశాక, చిన్నప్పటి నుంచి మేము విన్న రెండు ఉపదేశాలు గుర్తొచ్చాయి.

మొదటిది మంచివాళ్లు చెప్పేది. 'లోపల అందరిదీ ఒకే ఇనుము. హిందువు, ముస్లిం అన్నవి పై రంగులు. రంగులు వదిలేస్తే అందరం మనుషులమే.' ఎన్ని సభల్లో విన్నామో లెక్కలేదు. చెప్పేవాళ్ల మనసు మంచిదే. కానీ వాళ్లు రంగు ఎలా పడుతుందో చూసినవాళ్లు కాదు. మా మీద ఉన్నది నిన్న సాయంత్రం బ్రష్షుతో పూసింది కాదు. అజాన్ చెవిలో పడ్డ గంట నుంచి, నానీ చెప్పిన కథల నుంచి, ఈద్ పొద్దున సేమ్యా వాసన నుంచి, బళ్లో పేరు పిలవగానే తిరిగిన తలల నుంచి, 1992 డిసెంబరు 6 సాయంత్రం అబ్బాజాన్ తలుపు గడియ వేసిన చప్పుడు నుంచి కొలిమిలో కాలి బిగుసుకున్నది. దాన్ని ఊడదీసే మార్గాలు ఇనుము విషయంలో మూడే ఉన్నాయి: మందు పోసి ఉబ్బించడం, మళ్లీ కొలిమిలో పెట్టి మాడ్చేయడం, ఇసుకతో కొట్టడం. మంచిమాటతో వదిలేది కాదు. ఇంకో సంగతి ఉంది. రంగులు వదిలేయమన్న ఆ సభలోనే దీపం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి మొదలుపెడతారు. అది వాళ్లకు రంగులా కనపడదు, ఇనుములా కనిపిస్తుంది. మెజారిటీ కావడమంటే తన పూత తనకు పూతగా తెలియకపోవడమే.

రెండో ఉపదేశం కాస్త కటువైంది: 'జాతీయ స్రవంతిలో కలవండి.' అంటే మీ మీద మా పూత ఒకటి వేసుకోండి, సరిపోతుంది. మేము ఏప్రిల్‌లో చేసింది సరిగ్గా ఇదే. కింద ఉన్నదాన్ని చూడకుండా, తాకకుండా, దాని మీద ఇంకోటి పూసేశాం. నిలవలేదు.

అంటే పైపూతే అబద్ధమా? ఎవరి అసలు రంగుతో వాళ్లు ఉండిపోవడమే నిజాయితీనా? ఈ మాట కూడా మా వాళ్లలో కొందరు గట్టిగానే అంటారు. దీనికి జవాబు మా ఇంట్లోనే ఉంది. మా నానా, అంటే మామూ తండ్రి, కళాయి వేసేవాడు. భుజాన తిత్తి, సంచిలో తగరం ముక్క, నవాసారం, గుప్పెడు దూది. వీధి చివర చిన్న గుంట తవ్వి బొగ్గులు రాజేసేవాడు. ఇత్తడి గిన్నెను ఇసుకతో, కాళ్లతో తిరగతోమి, కాల్చి, నవాసారం చల్లి, తగరం తాకించి దూదితో ఒక్క చుట్టు తిప్పితే గిన్నె లోపల వెన్నెల పరుచుకున్నట్టయ్యేది. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే చిలుము విషమవుతుంది. ఊళ్లో బ్రాహ్మలు, కోమట్లు, రెడ్లు, అందరి ఇళ్ల గిన్నెలూ నానా చేతి మీదుగా వెళ్లాయి. ఆ గిన్నెల్ని వాళ్లు లోపలికి తీసుకునేముందు నీళ్లు చల్లుకునేవారని అమ్మీ చెబుతుంది. చల్లుకున్నా, వాళ్ల చారు కాగింది మా నానా పూసిన తగరం మీదే.

ఆ పూత అబద్ధం కాదు. గిన్నె ఇత్తడిదని అందరికీ తెలుసు, తగరం పూశారనీ తెలుసు, అరిగిపోతే మళ్లీ వేయించుకోవాలనీ తెలుసు. అది ఇత్తడిని దాచడానికి వేసింది కాదు, తినేవాణ్ని కాపాడటానికి వేసింది. కాబట్టి పూత ఉండటం తప్పు కాదు. ఏది తప్పు అన్నదే తేల్చుకోవలసిన ప్రశ్న.

హదీసుల్లో ఒక సంగతి ఉంది. ముహమ్మద్ ప్రవక్త (స) ఒకరోజు బజారులో వెళ్తూ ఒక ధాన్యపు కుప్పలో చేయి పెట్టారు. పైన పొడిగా ఉంది, లోపల వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. మరి తడిసిన గింజల్ని జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. మోసం చేసేవాడు మనలోని వాడు కాడని చెప్పారు. వాన పడటాన్ని ఆయన తప్పుపట్టలేదు. తడిసిన ధాన్యం అమ్మవద్దనలేదు. కింద ఏముందో కొనేవాడికి తెలియాలన్నారు. ఇంకా గమనించవలసింది, 'మనం' అనే మాటకు అక్కడ గీసిన హద్దు. టోపీ, గడ్డం, భాష, తెగ ఏవీ అందులో లేవు. పొడి గింజల కింద తడి దాచినవాడు ఆ హద్దుకు బయట ఉన్నాడు.

ఈ కొలతతో మా ఏప్రిల్ పని ఏమవుతుంది? మేము గేటు అమ్మలేదు, ఎవరినీ మోసగించలేదు. భయపడి దాక్కున్నాం. దాక్కోవడం వేరు, మోసం వేరు. మక్కాలో చిత్రహింసలు భరించలేక నోటితో విశ్వాసాన్ని కాదన్న అమ్మార్ ఇబ్నె యాసిర్ ఏడుస్తూ వస్తే, ప్రవక్త ఆయన కన్నీళ్లు తుడిచి, మనసు ఎలా ఉందని మాత్రమే అడిగారని చెబుతారు. భయంతో వేసుకున్న పూతకు జవాబు చెప్పాల్సింది భయపెట్టినవాడు. ఇది మేము ఏ సందేహం లేకుండా నమ్ముతాం. కలవరం వచ్చిన ఊళ్లో బొట్టు పెట్టుకుని బస్సెక్కిన తల్లిని ధర్మపన్నాలతో తూచేవాళ్ల పక్కన మేము నిలబడం.

కానీ గేటు మా మొదటి పూత కాదు. అది ఒప్పుకోకపోతే ఈ వ్యాసమే తడి గింజల కుప్ప అవుతుంది. పత్రికలో చేరిన కొత్తల్లో సంక్రాంతి మీద ఒక వ్యాసం రాశాం. డెస్కులో పెద్దాయన మెచ్చుకున్నాడు. 'నీ పేరుతో వేస్తే పాఠకుడి చూపు వ్యాసం మీద ఉండదు, పేరు మీద ఉంటుంది. మంచి తెలుగు కలం పేరు ఒకటి పెట్టుకో' అన్నాడు. పెట్టుకున్నాం. ఆరేళ్లు ఆ పేరుతో రాశాం. రంజాన్ నెలలో హలీం మీద రాసినప్పుడు మాత్రం అసలు పేరు అచ్చయ్యేది. సంక్రాంతికి ఒకడు, హలీంకి ఒకడు. ఆ ఆరేళ్లలో ఎవరూ మమ్మల్ని భయపెట్టలేదు. సౌకర్యంగా ఉంది కనుక పూసుకున్నాం. కలం పేరు పెట్టుకోవడంలో తప్పు లేదు. తెలుగులో ఎంతోమంది పెట్టుకున్నారు. మా తప్పు వేరే ఉంది. ముస్లిం పేరుతో సంక్రాంతి మీద మంచి తెలుగు వ్యాసం వచ్చి ఉంటే, ఎవరో ఒక పాఠకుడికి చిన్న గీత పడేది. ఆ గీతలోకి తర్వాత ఇంకేదైనా దిగేది. ఆ గరుకు పని మేము ఎగ్గొట్టాం. మా మెరుపూ పోలేదు, ఆయన మెరుపూ పోలేదు.

పట్టు ఎంతో చూడటానికి ఈ వృత్తిలో ఒక పరీక్ష ఉంది. పూత మీద బ్లేడుతో నిలువుగా ఆరు గీతలు, అడ్డంగా ఆరు గీతలు గీస్తారు. ఇరవై అయిదు గళ్లు వస్తాయి. వాటి మీద టేపు అంటించి లాగుతారు. ఎన్ని గళ్లు ఊడి వచ్చాయో చూసి సున్నా నుంచి అయిదు దాకా దర్జా ఇస్తారు. ఒక్క గడీ ఊడకపోతే సున్నా, అదే అన్నిటికన్నా మేలు. మామూ ఈ సంగతి చెబుతుంటే మాకు పాత రోజులు కళ్లముందు తిరిగాయి. భారత్, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచి ఉన్న రోజు టీ కొట్టు దగ్గర మా మొహాల మీద పడే చూపులు ఆ బ్లేడు గీతలే. ఎక్కడో బాంబు పేలిన మర్నాడు 'మీవాళ్లు ఖండించలేదే' అని అడిగినప్పుడు అంటించింది ఆ టేపే. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసింది ఈ అనుమానపు చూపు గురించే.

అయితే పరీక్షను ఎక్కడ చేస్తారని మామూని అడిగాం. ఆయన వింతగా చూశాడు. 'గిరాకీ గేటు మీద ఎవడైనా చేస్తాడా? పరీక్ష ముక్క వేరే ఉంటుంది. గీసిన చోట పూత పాడైపోతుంది కదా.' బ్లేడు గీతలు పట్టును కొలుస్తాయి, ఆ కొలతలోనే పట్టును చంపుతాయి. గీసిన గీతల్లోంచి తుప్పు దిగుతుంది. అందుకే ఏ పనివాడూ రోజూ వాడే గేటును రోజూ గీసి చూడడు. ఈ దేశంలో ఒక జనాన్ని తరతరాలుగా పరీక్ష ముక్కగా పెట్టుకున్నారు. గీసి గీసి, ఊడిన పెచ్చును చూపించి, చూశారా వీళ్లకు పట్టు లేదు అంటున్నారు.

ఇంతవరకు చదివి తలూపుతున్న మావాళ్లకు కూడా ఒక మాట ఉంది. పాత పూత నున్నగా మెరుస్తున్నంతకాలం దాని మీద ఏదీ నిలవదని మామూ అన్నాడు. మా మెరుపు సంగతేమిటి? ఉర్దూ మాట్లాడే మేము, ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకుల వాళ్లను సగం ముసల్మానులుగా చూస్తూ వచ్చాం. వాళ్ల నమాజును వెక్కిరించాం, వాళ్ల పేర్లకు నవ్వాం, పిల్లనివ్వడానికి వెనకాడాం. సయ్యద్, పఠాన్ అన్న మాటలను మెడలో పతకంలా వేసుకు తిరిగాం. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలు బీసీ-బీలో ఉన్నారు. 2007 చట్టంతో మరికొన్ని ముస్లిం సమూహాలకు బీసీ-ఈ కింద 4 శాతం వచ్చింది. ఆ జాబితాలు చదివినప్పుడే మాలో చాలామందికి, ఇస్లాంలో కులం లేదని చెప్పే మన ఇళ్లలో ఇన్ని అరలు ఉన్నాయని కాగితం మీద కనిపించింది. నానా గిన్నెను నీళ్లు చల్లి లోపలికి తీసుకున్నవాళ్ల మీద కోపం ఉన్న మేము, మెహ్తర్ ఇంట్లో నీళ్లు తాగామా? ఈ మెరుపు మీద రేగ్‌మాల్ పట్టాల్సింది మేమే. ఇంకొకరు వచ్చి మమ్మల్ని రుద్దుతామంటే ఒప్పుకోం. గేటుకు చేయి లేదు కనుక మామూ రుద్దుతాడు. మనిషి మెరుపును మనిషే తన చేత్తో తీసుకోవాలి. అవతలివాళ్లు తమది తీసుకోకుండా మా వైపే కాగితం చాపితే, అది సంస్కరణ అనిపించుకోదు.

2021 జనవరిలో ఎండ చూసుకుని మామూ పనికి దిగాడు. ఊడుతున్న గోధుమరంగు మొత్తం గీకి తీశాడు. పచ్చని మాత్రం ఊడదీయలేదు. 'ఇది మంచి పని. ఎవరో తెలిసినవాడు చేశాడు' అన్నాడు. రెండు రోజులు మేమూ, మా అమ్మాయీ కూడా రేగ్‌మాల్ పట్టాం. మెరుపు పోయిన పచ్చ, వానకు ముందు ఆకు లాగా మసకబారింది. గజ్జెల దగ్గర కింది మూలన రెండు అంగుళాల మేర తుప్పు కనిపించింది. అలాంటి లోపలి మూలల్లోకి గన్నుతో చల్లిన పొడి సరిగా చేరదట. అందుకని తుప్పు ఎప్పుడూ అక్కడే మొదలవుతుందట. అంతమేరా ఇనుము దాకా గీకి ప్రైమర్ పట్టించాడు.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఏ రంగు? మళ్లీ పచ్చ వేస్తే అది పంతం అవుతుంది. గోధుమరంగు వేస్తే భయం అవుతుంది. తెల్లరంగు వేస్తే మేము శాంతికాముకులమని గేటుకు బోర్డు కట్టినట్టవుతుంది. ఏది వేసినా ఎవరికో జవాబు చెప్పినట్టే ఉంది. కానుగ చెట్టుకు జతగా ఉంటుందని ఒక రంగు ఎంచుకునే స్వేచ్ఛ ఆ ఇంజనీరుగారికి ఉండింది, మాకు లేదు. మైనారిటీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఇకముందు మేము సచార్ కమిటీ లెక్కలు తీయం, ఈ సంగతి చెబుతాం. గేటుకు రంగు ఎంచుకోవడానికి ఒక కుటుంబం అర్ధరాత్రి దాకా కూర్చుంది.

చివరికి మా అమ్మాయి నీలం అంది. ఎందుకని అడిగితే ఇష్టం అంది. అంతకన్నా మంచి కారణం మా దగ్గర లేదు. పట్టపగలు, వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూస్తుండగా, మామూ నీలం వేశాడు. పాల ప్యాకెట్లు తెచ్చిపెట్టిన పక్కింటాయన వచ్చి, రంగు బాగుందండీ, కానీ పోయినసారి గోధుమరంగు ఎందుకు వేశారు, పచ్చే బాగుండేది కదా అన్నాడు. ఈసారి దాటవేయకుండా చెప్పాం. ఏప్రిల్‌లో భయం వేసి పూశామని చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. 'మాతో ఒక్కమాట అంటే మేముండేవాళ్లం కదా' అన్నాడు తర్వాత. 'మనం' అనలేదు. కానీ గేటు అవతల నుంచి ఇవతలికి వచ్చి నిలబడ్డాడు.

ఆ నీలం అయిదు వానాకాలాలు చూసింది. ఊడలేదు. మెజారిటీ మిత్రులను మేము అడిగేది పెద్ద కోరిక కాదు. మా మీద మీ 'మనం' పూసేముందు, కింద ఏముందో ఒకసారి చేయిపెట్టి చూడండి. మీ మెరుపు కూడా కాస్త రుద్దుకుని రండి. మేమూ రుద్దుకుంటున్నాం.